పెద్ద సంచి ఆగిన పదకొండు గంటలు

మార్చి 4

మావయ్యకి నమస్కారం.

ఈ నెల 29, మంగళవారం ఉదయం పదకొండు గంటలకు పెద్ద సంచి మీద జెండా దించేస్తారు. మర్నాడు దాన్ని తుక్కు యార్డుకి లాక్కెళ్తారు. ఈ కబురు మీకు పేపర్లో తెలియడం కంటే నా ఉత్తరంలో తెలియడం న్యాయమనిపించి మొదటి వాక్యంలోనే రాసేశాను.

కాగితాల మీద ఆ ఓడకి వేరే పేరుంది. కానీ ముప్పై నాలుగేళ్ళూ దీవుల్లో జనం దాన్ని పెద్ద సంచి అనే పిలిచారు. మీరు దాని కెప్టెన్‌గా, నాన్న దాని ఇంజనీరుగా ఉన్న రోజుల్లో మా ఇంట్లోనూ ఆ పేరే నడిచింది.

నేను కోస్ట్‌గార్డ్ రికార్డుల విభాగంలో చేరి ఆరేళ్ళయింది. ఓడ సేవాచరిత్ర రాసే పని నాకే పడింది. పన్నెండు పేజీలు. సభలో మా పెద్దసారు చదువుతారు, చిన్న పుస్తకంగా అందరికీ పంచుతారు. ఇప్పటిదాకా తేలింది ఇదీ: ఇరవై మూడు లైట్‌హౌసులకీ కాపలా స్థావరాలకీ కలిపి 1,140 ట్రిప్పులు. మోసినవి డీజిలు, మంచినీళ్ళు, పిండి బస్తాలు, బడి బల్లలు, ఒక పళ్ళ డాక్టరు కుర్చీ, దాంతోపాటు డాక్టరు. ఒక్క గుండు కూడా పేల్చలేదు. తుపాకీ దిమ్మె మీద చొక్కాలు ఆరేసిన ఫొటో దొరికింది. పెద్దసారు అది వద్దంటున్నారు, నేను వేద్దామంటున్నాను.

ఒక్కచోట నా కలం ఆగింది. ఇరవై ఎనిమిదేళ్ళ కిందటి ఇంజను గది లాగ్ పుస్తకంలో, అంటే రోజువారీ చిట్టాలో, ఇలా ఉంది: "డీజిలు ఫిల్టరు సకాలంలో శుభ్రం చేయనందున ఇంజను ఆగింది. పదకొండు గంటలు ఓడ కదల్లేదు." కింద నాన్న సంతకం. ఆ రెండు వాక్యాల వల్ల ఆయన హోదా మళ్ళీ పెరగలేదని మీకు తెలుసు. వాటిని చరిత్రలోంచి తీసేద్దామనుకుంటున్నాను. అప్పటి కెప్టెన్‌గా మీకు అభ్యంతరం లేదని ఒక్క ముక్క రాస్తే చాలు. మీకూ నాన్నకీ ఎందుకు మాటల్లేవో నాకు తెలీదు, అడగను కూడా.

ఫోన్ చేస్తానంటే అమ్మ నవ్వింది. "మా అన్నయ్యకి ఫోన్లో సగం వినపడదు, మిగతా సగం ఆయన వినడు. ఉత్తరం రాయి" అంది.

మీ మేనకోడలు


మార్చి 8

పిచ్చుకా,

ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. ఒక్క ముక్క చాలన్నావు గనక ఒక్క ముక్క: తీసేయకు.

అవి తీసేస్తే నీ పన్నెండు పేజీలూ ఒక లారీ కథ. ఎక్కించారు, దించారు, ఎక్కించారు, దించారు. ఆ ఓడ పుట్టినందుకు చేసిన పని ఆ పదకొండు గంటల్లోనే చేసింది. సభలో చదవాలి. వెనక వరసదాకా వినపడేలా చదవాలి. మీ పెద్దసారు నీళ్ళు నమిలే రకమైతే మైకు నువ్వే అందుకో.

పళ్ళ డాక్టరు సంగతి రాసుకో. మొదటి స్థావరం చేరకముందే ఆయనకి సముద్రం పడలేదు. ఆ కుర్చీలో ఆయన్నే కట్టి పడుకోబెట్టాం. మూడు రోజులు నోరు తెరిచే ఉంచాడు పాపం, పేషెంటులాగా. చొక్కాల ఫొటో కచ్చితంగా వెయ్యి. అందులో ఎడమ నుంచి రెండోది నాదే.

నేనుండేది టైర్ల కొట్టు పైగది. పొద్దున ఎనిమిది నుంచి కింద సుత్తి మోత. ఇంజను గది మీద కాపురం చేసినవాడికి ఇదే జోలపాట. నా గురించి దిగులొద్దు.

29న వస్తున్నాను. అది చదివేటప్పుడు ముందు వరసలో కూర్చుని ఉంటానని మీ నాన్నకి చెప్పు.

మావయ్య


మార్చి 11

మావయ్యకి,

మీ ఉత్తరం అమ్మకి వినిపించలేదు. నాన్నకి అసలే చెప్పలేదు.

నాన్న చేసిన తప్పు మైకులో చదవాలి. మీరు ముందు వరసలో కూర్చుని వినాలి. పుండు మీద కారం చల్లేవాళ్ళని చూశాను గానీ, దానికోసం టిక్కెట్టు కొనుక్కుని వచ్చేవాళ్ళని చూడలేదు.

నాకు విశేషణాలు రావు, కాగితాలు చదవడం వచ్చు. అప్పటి విచారణ నివేదిక నా ముందుంది. నాలుగు పేజీల్లో మీ మీద ఒక్క మాట లేదు. "ఇంజనీరు నిర్లక్ష్యం" అని ఆరుసార్లు ఉంది. అది జరిగిన నాలుగు నెలలకి మీకు పెద్ద గస్తీ ఓడ ఇచ్చారు. నాన్న అదే ఇంజను గదిలో మరో పద్నాలుగేళ్ళు పనిచేసి అదే హోదాలో రిటైరయ్యాడు.

ఇంకొకటి నివేదికలో లేదు, నేను రాస్తాను. అప్పుడు నాకు ఆరేళ్ళు. మా క్వార్టర్సులో పిల్లలు నన్ను "ఫిల్టరు" అని పిలిచేవాళ్ళు. దాగుడుమూతల్లో నా వంతు వస్తే "ఏయ్ ఫిల్టరూ, కడుక్కునొచ్చావా?" అనేవాళ్ళు. ఆ క్వార్టర్సు ఖాళీ చేసేదాకా నా పేరు అదే. ఇంటికొచ్చి ఏడిస్తే నాన్న ఒక్కటే అనేవాడు: "నిజమేగా, కడగలేదుగా. ఏడవకు."

ఆ వాక్యాలు తీసేస్తున్నాను. మీ అనుమతి అడగడం నా పొరపాటు.

మేనకోడలు


మార్చి 14

పిచ్చుకా,

మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపమొచ్చింది. రెండోసారి నీ కోపం అర్థమైంది. మూడోసారికి అసలు సంగతి బోధపడింది: నీకు తెలీదు. మీ అమ్మకీ తెలీదు. ఒకే కప్పు కింద ఇరవై ఎనిమిదేళ్ళుండి ఆ మహానుభావుడు మీకు కూడా చెప్పలేదు. నీకు తెలుసనుకునే అలా రాశాను. లేకపోతే ఆ ఉత్తరం రాసిన చెయ్యి విరగ్గొట్టాల్సిందే.

ఇంజను ఆగలేదు. ఫిల్టరు అద్దంలా ఉంది. విను.

ఆ రోజు చివరి స్థావరంలో కొత్త జెట్టీకి ప్రారంభోత్సవం. సాయంత్రం నాలుగింటికి పెద్దలొస్తారు. మా కడుపులో నాలుగు వందల కుర్చీలు, ఒక షామియానా, తివాచీ, పేర్లు చెక్కిన రాతిపలక. ట్యాంకుల్లో అదే స్థావరానికి అరవై టన్నుల మంచినీళ్ళు. ఉదయం ఆరుంబావుకి దారి పక్కనున్న లైట్‌హౌస్ నుంచి రేడియోలో పిలిచారు. నీళ్ళ ట్యాంకు పగిలింది, ఏడుగురం ఉన్నాం, అర డ్రమ్ము మిగిలింది అన్నారు.

ప్రధాన కార్యాలయాన్ని అడిగాను. "ఆగవద్దు. వచ్చే ట్రిప్పులో ఇవ్వండి" అన్నారు. వచ్చే ట్రిప్పు తొమ్మిది రోజులకి. ఆ సంగతి చెప్పి మళ్ళీ అడిగాను. "ఆజ్ఞ అర్థమైందా?" అన్నారు. అర్థమైందన్నాను. ఓడ తిప్పాను.

ఇంజను గదిలోకి దిగి మీ నాన్నకి చెప్పాను. చేతులు గుడ్డతో తుడుచుకుంటూ "పుస్తకంలో ఏమని రాస్తావు బావా?" అన్నాడు.

"ఆజ్ఞ మీరానని రాస్తా. ఇంకేం రాస్తా?"

"ఇంజను ఆగితే తిడతారు. ఆజ్ఞ మీరితే ఓడ నీ చేతుల్లోంచి పీకేస్తారు. నీ వెనక వచ్చేవాడు గంగిరెద్దులా తలూపేవాడై ఉంటాడు. అప్పుడీ దీవుల గతేంటి? నువ్వు పైకి పో. నా పుస్తకం నేను రాసుకుంటా."

లోతు తక్కువ గనక దూరంగా లంగరు వేసి గొట్టం లాగాం. వెళ్ళి, ఇచ్చి, దారిలోకి వచ్చేసరికి పదకొండు గంటలు. చివరి స్థావరంలో బావి ఉంది. అక్కడి స్టోరు గుమాస్తాకి సంగతి చెబితే మారు మాట్లాడకుండా, రాని నీళ్ళకి అరవై టన్నులు ముట్టాయని సంతకం పెట్టాడు. పెద్దలు ఎండలో నిలబడే జెట్టీ ప్రారంభించుకుని వెళ్ళిపోయారు. కుర్చీలు ఆ తర్వాత చేరాయి.

మీ నాన్న మీద విచారణ వేస్తారని అనుకోలేదు. వేశాక నిజం ఒప్పుకుంటూ మూడుసార్లు రాశాను. మూడూ చింపేశాడు. నాలుగోది రాసేలోపు నాకు పెద్ద ఓడ ఇస్తామన్నారు. తీసుకున్నాను. నాలుగోది రాయలేదు. ఆయన నాతో మాట మానేసింది ఎందుకో ఇప్పుడు నీకు తెలిసింది. ఆయన్ని తప్పు పట్టను.

ఆ నాలుగోది ఇవాళ పొద్దున రాశాను. ప్రమాణ పత్రం మీద, సంతకంతో. మీ ఆఫీసుకి రిజిస్టర్డు పోస్టులో పోయింది. ఎవరు చింపుతారో చూస్తాను.

మావయ్య


మార్చి 19

మావయ్యా,

ముందు క్షమాపణ. పదకొండో తారీఖు ఉత్తరం చింపేయండి. చింపడంలో మన కుటుంబానికి అనుభవం ఉంది.

మీ ఉత్తరం తీసుకుని నాన్న దగ్గరికి వెళ్ళాను. టేబుల్ ఫ్యాను విప్పి గచ్చు మీద పరిచి ఉన్నాడు. చదివి మడిచి ఇచ్చేశాడు. "కెప్టెన్లకి రిటైరయ్యాక కథలొస్తాయి. ఇంజనీర్లకి నడుంనొప్పి వస్తుంది. ఫిల్టరు నేనే కడగలేదు. ఆ స్క్రూ ఇలా అందుకో" అన్నాడు. అంతే.

ఇద్దరు చూసినవాళ్ళు, రెండు మాటలు. కాబట్టి మూడో కాగితం వెతికాను. రెండు రోజులు పట్టింది. అడుగు అరలో, డెక్కు మనుషుల మేస్త్రీ సరంగు రాసిన పుస్తకం. మీకు గుర్తుందా? ఓడ పక్క మీద తెల్లరంగుతో అంకెలుంటాయి కదా, నీళ్ళు ఏ అంకె దాకా వచ్చాయో చూస్తే ఓడ ఎంత బరువుతో ఉందో తెలుస్తుంది. మీ సరంగు రోజూ పొద్దునా సాయంత్రం ఆ అంకె చదివి రాసేవాడు. పండగైనా, జ్వరమైనా. ఆ రోజు పొద్దున రాసిన అంకెకీ, సాయంత్రం చివరి స్థావరం చేరకముందు రాసిన అంకెకీ తేడా పన్నెండు సెంటీమీటర్లు. ఓడ పైకి తేలింది. ఆ సైజు ఓడ అంత తేలాలంటే అరవై టన్నులు దిగాలని ఇక్కడి ఇంజనీరు కాగితం మీద వేసి చూపించాడు. ఇంజను చెడిన ఓడ కదలకుండా ఉంటుంది, తేలికవదు.

పుస్తకం సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. తేకూడదు, తెలుసు. ఆ పేజీ తీసి నాన్న ముందు పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"లాగ్ మార్చాం. నీళ్ళ లెక్క మార్చాం. గుమాస్తాని కూడా కలుపుకున్నాం. ఈ సరంగుగాడు రోజూ మా ముక్కు ముందే తాడు పట్టుకుని వేలాడేవాడే! వాడికో పుస్తకం ఉందని ఇద్దరిలో ఒక్కడికైనా తట్టిందా?"

"అయితే నిజమే కదా నాన్నా?"

"తెలిసిందిగా. తీసుకెళ్ళి ఉన్నచోట పెట్టెయ్."

అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. నిన్నటి నుంచి ఆయనతో మాట్లాడటం లేదు. "ఇరవై ఎనిమిదేళ్ళు నా పక్కన నిద్రపోయింది ఎవరో కనుక్కున్నాక మాట్లాడతాను" అంది.

ఇక ఆఫీసు సంగతి. మీ ప్రమాణ పత్రం 16న చేరింది. పెద్దసారు తలుపేసి నన్ను కూర్చోబెట్టారు. చెడ్డమనిషి కాదు. "దీన్ని లెక్కలోకి తీసుకుంటే ఏమవుతుందో ఆలోచించావా అమ్మా? ఇప్పటిదాకా మీ నాన్న అజాగ్రత్త మనిషి. రేపట్నుంచి దొంగ లాగ్ రాసిన మనిషి. ఏది మేలు?" అన్నారు. మీరు ఆ కాగితం పంపేముందు మమ్మల్ని ఒక్క మాట అడగాల్సింది.

ఆయనే దారి చూపించారు. "ఇది చరిత్ర, కోర్టు కాదు. ఎవరికీ దెబ్బ తగలకుండా రాద్దాం" అని తన చేత్తో ఇలా రాశారు: "తయారీ నుంచే లోపం ఉన్న ఇంజను కారణంగా ఓడ పదకొండు గంటలు నిలిచిపోయింది." నాన్న పేరు లేదు, నిర్లక్ష్యం లేదు, మీ పేరూ లేదు. ప్రూఫు మీద సంతకం పెట్టాను. రెండు వందల కాపీలు అచ్చుకి వెళ్ళాయి.

కోప్పడతారని తెలుసు. ఫిల్టరు అని మీరెప్పుడూ పిలిపించుకోలేదు.

మీ పిచ్చుక


మార్చి 23

పిచ్చుకా,

నీ మీద కోపం లేదు. ఆ కాగితం పంపేముందు అడగకపోవడం నా తప్పే. ఆజ్ఞలివ్వడం అలవాటైన వాడికి అడగడం రాదు.

కానీ ఆ వాక్యం ఒప్పుకోను. మీ నాన్న రాసింది మొదటి అబద్ధం. దానివల్ల ఏడుగురు నీళ్ళు తాగారు. గుమాస్తా రాసింది రెండోది. దానివల్ల ఒక ఓడకి కెప్టెన్ మిగిలాడు. మీ పెద్దసారు రాసింది మూడోది. దానివల్ల ఎవరికేం ఒరిగింది? సభ సాఫీగా జరుగుతుంది. అంతేగా?

ఆ ఇంజనుని తప్పుబట్టడానికి మీ నాన్న ఒప్పుకున్నాడంటే నాకు మింగుడు పడటం లేదు. దాని శబ్దంలో చిన్న తేడా వస్తే అన్నం వదిలేసి లేచేవాడు. అలాంటివాడే సరేనన్నాడంటే పూర్తిగా అలిసిపోయి ఉండాలి. అలిసినవాడి ఎదురుగా ముందు వరసలో కూర్చునే ధైర్యం నాకు లేదు. టిక్కెట్టు వాపసు ఇచ్చేశాను. రాను.

మావయ్య


మార్చి 31

మావయ్యా,

నాన్న ఒప్పుకోలేదు. ఆయన్ని నేను అడగనేలేదు. ప్రూఫు చూపించలేదు. పోయిన ఉత్తరంలో ఆ ముక్క రాయకపోవడం వల్ల మీరు రాకుండా పోయారు. వచ్చుంటే చూసేవారు. రాలేదు గనక జరిగింది జరిగినట్టు రాస్తాను.

జెట్టీ మీద పందిరి. నూట యాభై మంది దాకా ఉన్నారు. నాన్న మూడో వరస, పక్కన అమ్మ. పెద్దసారు పదింటికి చదవడం మొదలుపెట్టారు. బాగా చదివారు. పళ్ళ డాక్టరు దగ్గర జనం నవ్వారు. పదీ ముప్పై అయిదుకి ఎనిమిదో పేజీ వచ్చింది. "తయారీ నుంచే లోపం ఉన్న ఇంజను" అనేదాకా వచ్చారు.

నాన్న లేచాడు. "ఆపండి" అన్నాడు.

"పెద్దాయనా, కూర్చోండి. అయ్యాక మాట్లాడదాం."

"అయ్యాక ఎవడిక్కావాలి? ఆ ఇంజనులో లోపం లేదు. ముప్పై నాలుగేళ్ళు తిరిగింది. నడిసముద్రంలో ఒక్క గంట ఆగలేదు."

"ఆగిందని లాగ్‌లో మీరే రాశారు కదా?"

"ఫిల్టరు నేను కడగలేదని రాశాను. అది నా మీద రాసుకున్నా, ఇంజను మీద రాయలేదు. నన్ను ఎన్నైనా అనండి, పడతాను. పడ్డాను కూడా. దాన్ని అంటే ఊరుకోను."

అమ్మ ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగుతోంది. పెద్దసారు మైకు పక్కన పెట్టి, "ఇంజను మంచిదే, ఫిల్టరూ శుభ్రంగానే ఉందంటారా? మరి ఓడ ఎందుకాగింది?" అన్నారు. ఎగతాళిగా అన్నారో నిజంగానే అడిగారో తెలీదు.

"ఆగలేదయ్యా. నీళ్ళివ్వడానికి వెళ్ళింది. వెళ్ళొద్దని మీ ఆఫీసే చెప్పింది. మా బావ వెళ్ళాడు. నేను దొంగ రాత రాశాను. తెలిసే రాశాను. ఇంజను చెడిందని రాస్తే ఓడని ఆర్నెల్లు రిపేరుకి లాగేవాళ్ళు. ఆర్నెల్లు దీవులకి నీళ్ళెవడు మోస్తాడు, మీ తాతా? అందుకే నా మీద రాసుకున్నా. ఆ రోజు మళ్ళీ వస్తే మళ్ళీ రాస్తా."

అమ్మ చొక్కా వదిలేసింది. "వెనక్కి తిరిగి చెప్పండి. చివరి వరస వాళ్ళకి వినపడటం లేదు" అంది.

ఆయన వెనక్కి తిరిగి మొత్తం మళ్ళీ చెప్పాడు.

చప్పట్లు లేవు. ఎవరూ ఏడవలేదు. పెద్దసారు మిగతా నాలుగు పేజీలు గబగబా చదివేశారు. పదకొండు ఇరవై రెండుకి జెండా దించారు, ఇరవై రెండు నిమిషాలు ఆలస్యంగా. నిన్న ఉదయం ఏడున్నరకి ఓడని యార్డుకి లాక్కెళ్ళారు.

పుస్తకాలు పంచడం ఆపేశారు. రెండు వందల కాపీలూ నా బల్ల కింద ఉన్నాయి. ఎనిమిదో పేజీకి మారు ప్రతి రాసి నిన్ననే ఇచ్చాను: "ఆగవద్దన్న ఆజ్ఞను మీరి, ఓడ పదకొండు గంటలు వెచ్చించి, ఒక లైట్‌హౌస్‌కు అరవై టన్నుల మంచినీరు అందించింది. ఆజ్ఞ మీరినది కెప్టెన్. లాగ్ మార్చినది ఇంజనీరు. ఇందుకు ఆధారం సరంగు పుస్తకం." మొదటి ప్రూఫు మీద సంతకం పెట్టింది నేనే గనక, అది తప్పని కింద రాసి మళ్ళీ సంతకం పెట్టాను.

మధ్యాహ్నం నాకు నోటీసు వచ్చింది. రికార్డు గది పుస్తకం బయటికి తీసుకెళ్ళినందుకు. క్షమాపణ రాసిస్తే ఇక్కడితో పోతుందని పెద్దసారు కబురు పంపారు. తీసుకెళ్ళిన మాట నిజమని రాసిచ్చాను. క్షమాపణ రాయలేదు. ఉద్యోగం పోవచ్చు. మీ ఇద్దరి పెన్షన్ల మీద కూడా చెయ్యి వేయొచ్చని ఇక్కడ అనుకుంటున్నారు. దాచకుండా రాస్తున్నాను.

విచారణ ఏప్రిల్ 7, గురువారం, ఉదయం పదిన్నర. ప్రధాన కార్యాలయం, రెండో అంతస్తు. ముందు నాన్న, తర్వాత మీరు, ఆ తర్వాత నేను. మీ నోటీసు విడిగా వస్తుంది. టిక్కెట్టు మళ్ళీ కొనండి.

కింద నాలుగు వాక్యాలు నావి కావు. కాగితం లాక్కుని రాశాడు.

మీ పిచ్చుక

బావా,
పదిన్నర అంటే పదింటికే రా. అబద్ధం రాసింది నేను, కాబట్టి ముందు నేను మాట్లాడతాను, నువ్వు మధ్యలో దూరకు. అక్కడ నువ్వు కెప్టెన్‌వి కావు. బుధవారం సాయంత్రం బండికి స్టేషన్లో ఉంటాను.